ఉచిత సాఫ్ట్‌వేరా, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరా?

సందేహం: మా ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు సెప్టెంబరు మూడో శనివారం జరిగే 'సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే' కోసం తెలుగులో ఒక కరపత్రం రాశారు. అది ఇలా మొదలవుతుంది: 'ఉచిత మరియు బహిరంగ మూల సాఫ్ట్‌వేర్‌ను వాడండి. దీనికి కాపీరైట్ ఉండదు, దీన్ని ఎవరూ అమ్మరు. ఖరీదైన యాజమాన్య సాఫ్ట్‌వేర్‌ను వదిలేయండి.' 'ఉచిత' తప్పనీ, 'స్వేచ్ఛ' అనాలనీ కొందరు అంటున్నారు. 'స్వతంత్ర' మేలని ఇంకొందరు. ఇవేవీ వద్దు, 'ఓపెన్ సోర్స్' అంటే చాలదా అని మరికొందరు. 'స్వేచ్ఛ' అని రాయాలా, 'స్వేచ్ఛా' అని రాయాలా అన్నదీ తేలలేదు. వివరించగలరు.
– ఒక అధ్యాపకురాలు, కాకినాడ

సమాధానం: ధర గురించి చెప్పేటప్పుడు 'ఉచిత', హక్కు గురించి చెప్పేటప్పుడు 'స్వేచ్ఛా' అనాలి. మీ విద్యార్థులు ప్రచారం చేస్తున్నది హక్కును కాబట్టి 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' అన్నదే సరైన మాట. దీర్ఘంతోనే రాయాలి. 'ఓపెన్ సోర్స్' అన్నదాన్ని అనువదించకుండా ఉంచడమే మేలు. అయితే ఆ కరపత్రంలో తప్పు ఒక్క మాటతో ఆగలేదు. మొదటి మాట జారడంతో తర్వాతి రెండు వాక్యాలూ దాని వెంటే జారాయి. అందుకే కాస్త వివరంగా చెప్పాలి.

'ఉచితం' అంటే సంస్కృతంలో 'తగినది' అని అర్థం. సముచితం, అనుచితం, సమయోచితం, ఔచిత్యం అన్న మాటల్లో నేటికీ ఆ అర్థమే ఉంది. 'వెల లేనిది' అన్న అర్థం తెలుగు, కన్నడ వ్యవహారాల్లో స్థిరపడింది. ఈ రోజు ఆ మాటను విడిగా వింటే మనకు తట్టేది ఈ రెండో అర్థమే: ఉచిత విద్యుత్తు, ఉచిత బస్సు ప్రయాణం, ఉచిత కంటి వైద్య శిబిరం. ఎన్నికల చర్చల్లో 'ఉచితాలు' అని బహువచనం కూడా చెలామణీ అవుతోంది. అలాంటి మాటను సాఫ్ట్‌వేర్ ముందు పెడితే, చదివేవారికి ఎవరో ఊరికే ఇస్తున్న వస్తువు కనబడుతుంది. 'ఊరికే ఇచ్చేది నాణ్యంగా ఉంటుందా' అన్న అనుమానం ఆ వెంటనే వస్తుంది. దీన్ని తమ చేతిలోకి తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు అన్న సంగతి వారి దాకా చేరనే చేరదు.

ఈ చిక్కు ఇంగ్లీషుది. అక్కడ 'ఫ్రీ' అన్న ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో అందరూ వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. అలా మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వారు, మేమనే ఫ్రీ వాక్‌స్వాతంత్ర్యంలో ఉన్న ఫ్రీ, ఊరికే పోసే బీరులో ఉన్న ఫ్రీ కాదు అని వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నారు. అది చాలక ఫ్రెంచి, స్పానిష్ భాషల నుంచి 'లిబ్రె' అన్న మాటను అరువు తెచ్చుకున్నారు. 2010లో వచ్చిన లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ పేరులో ఉన్నది అదే. తెలుగులో ఈ రెండు అర్థాలకూ రెండు మాటలున్నాయి, వాడుకలో స్థిరంగానూ ఉన్నాయి. మన పత్రికలు 'స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం' అని ఏళ్ల తరబడి రాస్తున్నాయి. 'ఉచిత వాణిజ్య ఒప్పందం' అని ఎవరూ రాయరు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అది తనను 'స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం' అనే చెప్పుకుంటుంది. 'ఫ్రీ' కనబడగానే 'ఉచిత' అని రాసే అలవాటే, మనకు లేని చిక్కును మన భాషలోకి తెస్తోంది.

ఇక 'స్వతంత్ర'. మలయాళంలో 'స్వతంత్ర' అన్నదే స్థిరపడింది. 2001 జులైలో భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తిరువనంతపురంలో ప్రారంభమైంది కాబట్టి అక్కడి మాట మన వాళ్ల చెవినా పడింది. తమిళులు 'కట్టట్ర మెన్‌పొరుళ్' అంటారు, కట్టుబాట్లు లేనిది అని. హిందీలో 'ముక్త్' అంటారు. ఎవరి భాషలో వారికి అవి నప్పాయి. తెలుగులో విశేషణంగా 'స్వతంత్ర' అంటే మొదట తోచేది 'దేనికీ అనుబంధం కానిది' అని. స్వతంత్ర అభ్యర్థి అంటే ఏ పార్టీకీ చెందనివాడు. 'స్వతంత్ర సాఫ్ట్‌వేర్' అంటే వేరే ప్రోగ్రాముల మీద ఆధారపడకుండా తనంతట తాను నడిచేది అనుకునే ప్రమాదం ఉంది. కంప్యూటర్ రంగంలో ఆ అర్థానికీ ఒక మాట అవసరమే కాబట్టి 'స్వతంత్ర'ను దానికి వదిలేయడం మంచిది. 'ముక్త' కూడా తెలుగులో దేని నుంచో బయటపడిన అర్థాన్నే ఇస్తుంది: రోగముక్తుడు, రుణవిముక్తి. 'ముక్త సాఫ్ట్‌వేర్' అంటే 'దేని నుంచి?' అన్న ప్రశ్న మిగిలిపోతుంది. స్వేచ్ఛ అంటే స్వ, ఇచ్ఛ: తన ఇష్టప్రకారం నడుచుకోవడం. ఇక్కడ కావలసిన అర్థం సరిగ్గా అదే. ఆ స్వేచ్ఛ వాడుకునే మనిషిదే తప్ప ప్రోగ్రాముది కాదు. కరపత్రంలో ఈ సంగతి ఒక వాక్యంలో చెబితే సగం అపోహ తీరుతుంది.

'స్వేచ్ఛ'నా, 'స్వేచ్ఛా'నా అన్నది వ్యాకరణం తేల్చగలిగిన ప్రశ్నే. సంస్కృతంలో ఆకారాంతమైన స్త్రీలింగ పదాలు తెలుగులో విడిగా నిలిచినప్పుడు హ్రస్వాంతాలవుతాయి: విద్య, భాష, సేవ, స్వేచ్ఛ. సమాసంలో పూర్వపదమైతే దీర్ఘం నిలుస్తుంది: విద్యాసంస్థ, భాషాశాస్త్రం, సేవాభావం, స్వేచ్ఛాజీవి. రెండో పదం ఇంగ్లీషుదైనప్పుడు ఈ నియమం ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. విద్యా కమిటీ, విద్యా వాలంటీరు, సేవా ట్రస్టు అని జనం అంటూనే ఉన్నారు, వాడుక దీర్ఘాన్నే నిలబెట్టింది. ఇక్కడ వ్యాకరణం కాక మరో కారణం కూడా ఉంది. హైదరాబాదు కేంద్రంగా 2005 నుంచి ఈ రంగంలో పనిచేస్తున్న సంస్థ పేరే 'స్వేచ్ఛ'. హ్రస్వంతో 'స్వేచ్ఛ సాఫ్ట్‌వేర్' అని రాస్తే ఆ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అనుకునే వీలుంది. దీర్ఘం ఆ సందిగ్ధాన్ని తీసేస్తుంది.

వర్ణక్రమం కూడా చూడండి. చకారం కింద ఛ ఒత్తు ఉండాలి: ఇచ్ఛ, స్వచ్ఛం, గుచ్ఛం, తుచ్ఛం లాగా. 'స్వేచ్చ' అని చకారానికి చ ఒత్తే ఇవ్వడం బ్యానర్ల మీద తరచూ కనబడే తప్పు. అలాగే 'సాఫ్ట్‌వేర్' అని టైపు చేసేటప్పుడు 'ట్' తర్వాత కంటికి కనబడని ఒక విభాజక అక్షరం పడాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే వకారం ఒత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అవుతుంది. కొన్నిచోట్ల అది ఉండి, కొన్నిచోట్ల లేకపోతే, ఒక రూపంతో వెతికినప్పుడు రెండోది దొరకకపోవచ్చు. 'అన్నిటినీ మార్చు' అని ఆదేశించినా సగమే మారతాయి. ఒక పత్రమంతా ఒకే తీరులో రాయాలి. ఈ బాధ వద్దనుకుంటే 'సాఫ్టువేరు' అని అజంతంగా, అంటే అచ్చుతో ముగిసేలా, రాసుకోవచ్చు, అదీ శుద్ధమైన తెలుగు అలవాటే. 'తంత్రాంశం' అని రాసినా తప్పు లేదు, వికీపీడియాలో అది బాగానే వాడుకలో ఉంది. ఒకే కరపత్రంలో రెండూ కలపవద్దు.

'ఓపెన్ సోర్స్' దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. 1998 జనవరిలో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజర్ మూలాన్ని, అంటే ప్రోగ్రామర్లు రాసిన సోర్స్ కోడ్‌ను, విడుదల చేస్తామని ప్రకటించింది. కొద్ది రోజులకే, ఫిబ్రవరి మొదట్లో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జరిగిన సమావేశంలో క్రిస్టీన్ పీటర్సన్ 'ఓపెన్ సోర్స్' అన్న పేరు సూచించారు. 'ఫ్రీ' అంటే వ్యాపార సంస్థలు బెదురుతున్నాయి కాబట్టి వారికి నచ్చే పేరొకటి కావాలన్నది వారి ఉద్దేశం. ఆ ఏడే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఏర్పడి, డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవారి మార్గదర్శకాల ఆధారంగా 10 షరతులతో ఒక నిర్వచనం ఇచ్చింది. మూలం చూడగలిగితే చాలదని ఆ నిర్వచనం మొదట్లోనే ఉంటుంది. తిరిగి పంచే హక్కు, మార్చే హక్కు ఉండాలి. ఫలానా మనుషులకు, ఫలానా పనికి వాడరాదన్న ఆంక్షలు ఉండకూడదు.

ఇప్పుడు 'బహిరంగ మూలం' ఎందుకు చాలదో తెలుస్తుంది. బహిరంగ సభ, బహిరంగ లేఖ, బహిరంగ రహస్యం – వీటన్నిటిలో 'బహిరంగ' అంటే పదిమందికీ కనబడేది అనే. కనబడినంత మాత్రాన ముట్టుకునే హక్కు రాదు. మూలాన్ని అందరికీ చూపించి, 'మార్చి పంచితే ఊరుకోం' అనే లైసెన్సులు చాలా ఉన్నాయి. 'బహిరంగ మూలం' అన్న మాట వాటికి అతికినట్టు సరిపోతుంది, అసలు ఓపెన్ సోర్స్‌కే సరిపోదు. ఓపెన్ యూనివర్సిటీని మనం 1982 నుంచి 'సార్వత్రిక విశ్వవిద్యాలయం' అంటున్నాం కదా, 'సార్వత్రిక మూలం' అనకూడదా అని అడిగేవారున్నారు. చదువు విషయంలో అది అతికింది. మూలం ముందు పెడితే 'అంతటా ఉండే మూలం' అన్నట్టు ధ్వనిస్తుంది. 'బహిరంగ వనరు' మరీ పొరపాటు. వనరు అంటే రిసోర్స్, సోర్స్ కాదు. 'మూల సంకేతం' కూడా అంత బాగుండదు, పాస్‌వర్డ్‌ను 'సంకేతపదం' అంటున్నాం కాబట్టి రహస్య సంకేతం అనుకుంటారు. సోర్స్ కోడ్‌ను 'మూలం' అనడం మాత్రం చక్కగా ఉంటుంది. అనువాద గ్రంథాల మీద 'మూలం' అని వేసే అలవాటు మనకుంది, సంబంధమూ అలాంటిదే: మనిషి రాసినది మూలం, యంత్రం నడిపేది దాని రూపాంతరం.

ఒకచోట మాత్రం 'బహిరంగ' సరైనదే. యుద్ధవార్తల్లో 'ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్' అని వస్తుంటుంది. అక్కడ సోర్స్ అంటే సమాచారం దొరికిన చోటు. ఉపగ్రహ చిత్రాలు, సోషల్ మీడియా పోస్టులు, ప్రభుత్వ పత్రాల వంటి అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం నుంచి ఆరా తీయడం అది. దానికీ సాఫ్ట్‌వేర్ లైసెన్సులకూ ఏ సంబంధమూ లేదు. దాన్ని 'బహిరంగ సమాచార ఆధారిత నిఘా' అని రాయవచ్చు.

మరి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్ ఒకటేనా? ఆచరణలో దాదాపు ఒకటే. ఒకరు ఆమోదించిన లైసెన్సులను చాలావరకు రెండోవారూ ఆమోదిస్తారు. తేడాలు అక్కడక్కడే వస్తాయి: నాసా వారి ఓపెన్ సోర్స్ ఒప్పందం 1.3ను ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదించింది, స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాత్రం అది స్వేచ్ఛా లైసెన్సు కాదంది. ఉద్దేశంలో మాత్రం తేడా పెద్దదే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నవారు వాడుకరి హక్కు నుంచి మొదలుపెడతారు, ఓపెన్ సోర్స్ అన్నవారు మంచి సాఫ్ట్‌వేర్ తయారయ్యే పద్ధతి నుంచి మొదలుపెడతారు. మీ సభ పేరులోనే 'ఫ్రీడమ్' ఉంది కాబట్టి అది 'సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినోత్సవం' కావాలి. లోపలి మాటలూ ఆ వరసలోనే ఉండాలి. రెండు వర్గాలనూ కలిపి చెప్పాల్సి వస్తే 'స్వేచ్ఛా, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్' అనండి. 'మరియు' తెలుగు వాక్యానికి అక్కర్లేదు. పైగా 'ఉచిత మరియు బహిరంగ మూల' అన్నప్పుడు అవి రెండు షరతుల్లా వినిపిస్తాయి: ఒకటి డబ్బు తీసుకోకూడదు, రెండు మూలం కనబడాలి. నిజానికి ఈ రెండూ ఉండి కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాకపోవచ్చు.

అందుకు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెలే నిదర్శనం. లినస్ టోర్వాల్డ్స్ 1991లో దాన్ని విడుదల చేసినప్పుడు పెట్టిన లైసెన్సు ప్రకారం మూలం మొత్తం ఇవ్వాలి, పంచినందుకు రుసుము తీసుకోకూడదు. అంటే ఉచితం, మూలం బహిరంగం. అయినా అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. నకళ్లు చేసి ఫ్లాపీల ఖర్చు రాబట్టుకుందామనుకున్నవారికి కూడా ఆ షరతు అడ్డం వచ్చింది. 1992లో గ్నూ ప్రాజెక్టు వారి స్వేచ్ఛా లైసెన్సు జీపీఎల్‌కు మారాకే లినక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయింది. అప్పటి నుంచి దాన్ని అమ్ముకోవచ్చు కూడా. ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ టేపులను 1985లో స్టాల్‌మన్ 150 డాలర్లకు అమ్మారు. కొన్నవాళ్లకు దాన్ని మార్చే, పంచే హక్కులన్నీ ఉన్నాయి. కాబట్టి 'దీన్ని ఎవరూ అమ్మరు' అన్న వాక్యం తీసేయాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వ్యతిరేకపదంగా 'వాణిజ్య సాఫ్ట్‌వేర్' అనడం కూడా ఇందుకే కుదరదు.

'కాపీరైట్ ఉండదు' అన్నది ఇంతకన్నా హాని చేసే మాట. భారత కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా సాహిత్య రచనల కింద చేరాయి. రాసిన మరుక్షణం నుంచి కాపీరైట్ ఉంటుంది. ఆ కాపీరైట్ ఉన్నవారు లైసెన్సు ద్వారా హక్కులు పంచుతారు. జీపీఎల్ లాంటి లైసెన్సులు ఇంకో అడుగు ముందుకేసి, 'నీకు దొరికిన స్వేచ్ఛనే నువ్వు పంచేవారికీ ఇవ్వాలి' అని షరతు పెడతాయి. కాపీలెఫ్ట్ అంటే ఇదే. కాపీరైట్ లేకపోతే ఈ షరతును అమలు చేయించే ఆధారమే ఉండదు. హక్కుల గడువు తీరినవీ, హక్కుదారులు పూర్తిగా వదులుకున్నవీ వేరు, వాటిని 'సార్వజనికం' (పబ్లిక్ డొమైన్) అంటున్నాం. విద్యార్థులు 'కాపీరైట్ లేదు' అని నమ్మి జీపీఎల్ మూలాన్ని తీసుకుని, పేర్లు చెరిపేసి తమ ప్రాజెక్టులో కలుపుకుంటే అది ఉల్లంఘనే.

'యాజమాన్య సాఫ్ట్‌వేర్' గురించి. కళాశాల యాజమాన్యం, సస్య యాజమాన్యం, నీటి యాజమాన్యం అని రోజూ వింటున్న తెలుగువారికి ఇది 'నిర్వహణకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్' అన్నట్టు తోస్తుంది. కాకినాడ ప్రాంతపు రైతుకు చూపిస్తే పంటల యాప్ అనుకున్నా ఆశ్చర్యం లేదు. 'ప్రొప్రైటరీ సాఫ్ట్‌వేర్' అని మొదట ఒకసారి రాసి, 'అంటే హక్కులన్నీ తయారీదారు చేతిలోనే ఉండేది' అని వెంటనే విప్పి చెప్పండి. కుదించిన మాట కావాలంటే 'స్వామ్య సాఫ్ట్‌వేర్' పనికొస్తుంది. గ్రంథస్వామ్యం అన్న మాట కాపీరైట్‌కు పాతదే కాబట్టి అర్థం అటే నడుస్తుంది. ముందున్న 'ఖరీదైన' కూడా పొసగదు. వాట్సాప్‌కు మనం రూపాయి కట్టం, అయినా ఆ యాప్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు.

ఫాంట్ల విషయంలో ఈ తేడా మన వాళ్లకు నేరుగా తగులుతుంది. 'వ్యక్తిగత వినియోగానికి మాత్రమే' అన్న షరతుతో ఊరికే దొరికే ఫాంట్లు ఉంటాయి. అవి ఉచితం. పెళ్లిపత్రికలు అచ్చువేసే డీటీపీ సెంటరువారు వాడితే లైసెన్సు దాటినట్టే. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 కింద వచ్చాయి. వాటితో పెళ్లిపత్రిక వేసి డబ్బు తీసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మవచ్చు. ఫాంటును ఒంటిగా అమ్మడానికి మాత్రం వీల్లేదు. పోతన2000, వేమన2000 జీపీఎల్ కింద వచ్చినవి. వీటన్నిటినీ కలగాపులగంగా 'ఉచిత ఫాంట్లు' అనడం వల్ల ఏది వ్యాపారానికి వాడవచ్చో చిన్న ముద్రాపకులకు తెలియకుండా పోతోంది.

ఈమధ్య కృత్రిమ మేధ మోడళ్ల గురించి రాసేటప్పుడు కూడా 'ఓపెన్ సోర్స్' విచ్చలవిడిగా పడుతోంది. ఆ మాటకు ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ అమెరికాలో ట్రేడ్‌మార్కు పొందలేకపోయింది కాబట్టి ఎవరు వాడినా ఆపేవారు లేరు. 2023లో మెటా విడుదల చేసిన లామా 2 అనే మోడల్ లైసెన్సు చూడండి: నెలకు 70 కోట్లకు మించి వాడుకరులున్న సంస్థలు విడిగా అనుమతి తీసుకోవాలి. అలాంటి షరతు ఉంటే నిర్వచనం ప్రకారం అది ఓపెన్ సోర్స్ కాదు. వాటిని 'ఓపెన్ వెయిట్స్ మోడళ్లు' అనండి చాలు, వెయిట్స్ అంటే శిక్షణలో మోడల్ నేర్చుకున్న సంఖ్యలు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వచనంలోని నాలుగు స్వేచ్ఛలను లెక్కపెట్టేటప్పుడు 0 నుంచి 3 వరకు అంకెలు వేయాలి, 1 నుంచి 4 కాదు. ఏ పనికైనా నడుపుకోవడం 0, చదివి మార్చుకోవడం 1, నకళ్లు పంచడం 2, మార్చినదాన్ని పంచడం 3. అంకెలు మారిస్తే ఇతర భాషల్లోని వివరణలతో పొంతన పోతుంది. నామవాచకాల కన్నా క్రియలతో చెబితే తెలుగు బాగా పలుకుతుంది. కరపత్రం మొదటి పేరా ఇలా ఉండవచ్చు:

'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే మీరు ఏ పనికైనా వాడుకోగలిగేది, ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోగలిగేది, నకళ్లు తీసి పంచగలిగేది, మార్చినదాన్నీ పంచగలిగేది. దాదాపు వీటన్నిటినీ ఓపెన్ సోర్స్ అని కూడా అంటారు. వీటికి కాపీరైట్ ఉంటుంది, ఈ హక్కులు మీకు లైసెన్సు ద్వారా వస్తాయి. వీటిలో ఎక్కువ భాగం ఉచితంగా కూడా దొరుకుతాయి.'

అడుగున 'ప్రవేశం ఉచితం' అని ఉంటే దాన్ని అలాగే ఉంచండి, అక్కడ మాట్లాడుతున్నది ధర గురించే.

విద్యార్థుల్లో ఎవరైనా ప్రోగ్రాములను తెలుగులోకి మారుస్తుంటే వారికి ఒక సూచన. గ్నూ ప్రోగ్రాములు తమ సంచిక (వెర్షన్) సంఖ్యతో పాటు చూపించే ప్రకటనలో 'ఫ్రీ' రెండుసార్లు వస్తుంది. దాన్ని 'ఇది ఉచిత సాఫ్ట్‌వేర్, మీరు ఉచితంగా మార్చవచ్చు' అని అనువదిస్తే అర్థం మొత్తం తలకిందులవుతుంది. 'ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దీన్ని మార్చడానికీ పంచడానికీ మీకు స్వేచ్ఛ ఉంది. చట్టం అనుమతించినంత మేరకు, దీనికి ఏ పూచీ లేదు' అని రాయాలి. అనువాద ఫైలులో 'ఫ్రీ' అని వెతికి, ఒక్కొక్కటీ విడివిడిగా చూడాలి. డిస్కులో 'ఫ్రీ స్పేస్' అయితే 'ఖాళీ', ధర అయితే 'ఉచితం', లైసెన్సు అయితే 'స్వేచ్ఛా'. మూడింటినీ ఒకేసారి మార్చేసే ఆదేశం ఇవ్వకూడదు.

ప్రదర్శనలో పెట్టే ప్రతి ప్రోగ్రాము పక్కనా 'ఉచితం' అని కాక లైసెన్సు పేరు రాయించండి: లినక్స్ కెర్నెల్‌కు జీపీఎల్ 2, ఫైర్‌ఫాక్స్‌కు, లిబ్రెఆఫీస్‌కు ఎంపీఎల్ (మొజిల్లా పబ్లిక్ లైసెన్సు) 2.0. మిగతావాటికి మూలం ఉన్న ఫోల్డరులో 'కాపీయింగ్' లేదా 'లైసెన్స్' అనే ఫైలు తెరిచి చూస్తే పేరు, సంచిక సంఖ్య సాధారణంగా మొదటి పంక్తుల్లోనే ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోను పెడితే రెండు చీటీలు కావాలి. ఆండ్రాయిడ్ మూల ప్రాజెక్టులో ఎక్కువ భాగం అపాచీ 2.0 కింద ఉంది, ఆ ఫోనులో ముందే వేసి ఇచ్చే ప్లే స్టోరు, మ్యాప్స్ వంటి గూగుల్ యాప్‌లు మాత్రం ప్రొప్రైటరీ.